దస్తగిరి అని పేరు పెట్టాలంటున్నారు. అర్థం ఏంటి, ఎక్కడి పేరు?

ప్రొద్దుటూరు_అబ్బాయి

అందరికీ సలాం, నమస్కారం. మాకు బాబు పుట్టాడు. ఈ ఆదివారం అఖీఖా, అదే పేరు పెట్టే వేడుక, పెట్టుకున్నాం. పేరు దగ్గరే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా అబ్బా "మా నాయన పేరు పెట్టాల్సిందే, దస్తగిరి" అని పట్టుబట్టారు. మా ఆవిడ వైపువాళ్లు రయ్యాన్, ఆహిల్, జయాన్ అని వాట్సాప్‌లో లిస్టు పంపారు. మా బామ్మర్దయితే "బావా, ఈ కాలంలో దస్తగిరేంది, స్కూల్లో పిల్లోణ్ని ఏడిపిస్తారు" అని మొహం మీదే అనేశాడు.

నాకు ఆ పేరంటే ఇష్టమే. ఎవరైనా అర్థం అడిగితేనే నోట మాట రావడం లేదు. నెట్‌లో ఒక సైట్ 'సహాయకుడు' అంటుంది, ఇంకోటి 'విజేత' అంటుంది. ఆఫీసులో ఒకాయన "వెంకటగిరి, యాదగిరి లాగా ఇది ఏ జిల్లాలో కొండ?" అని అడిగాడు. సీరియస్‌గానే అడిగాడు. ఇది అరబీ పేరా? ఖురాన్‌లో ఉందా? మన సీమలో ఇంత ఎక్కువగా ఎందుకుంది? తెలిసినవాళ్లు చెప్పండి. ఆదివారం లోపు చెబితే పుణ్యముంటుంది.

ఫార్సీ_పంతులు

ముందు ముబారక్. బాబుకి దువాలు.

కొండ కాదు నాయనా. అరబీ కూడా కాదు, కాబట్టి ఖురాన్‌లో వెతకొద్దు. అచ్చమైన ఫార్సీ. దస్త్ అంటే చెయ్యి, గీర్ అంటే పట్టుకునేవాడు. దస్తగీర్ అంటే చెయ్యి పట్టుకుని లేవనెత్తేవాడు, ఆపదలో ఆదుకునేవాడు. తెలుగులో పదం చివర హల్లు ఊరికే నిలబడదు గదా, ఇకారం తగిలి దస్తగిరి అయింది. అక్కడి నుంచి అందరికీ కొండ కనిపిస్తోంది.

ఆ దస్త్ మనకు కొత్తదేం కాదు. రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు, దాని కింద పెట్టే దస్తఖతు, తెలంగాణలో జేబులో ఉండే దస్తీ, అన్నిట్లోనూ ఉన్నది ఆ చెయ్యే. గీర్ సంగతంటే, జహంగీర్‌లోనూ ఔరంగజేబు బిరుదు ఆలంగీర్‌లోనూ ఉన్నది అదే. రెండింటికీ అర్థం లోకాన్ని చేతపట్టినవాడు అని. 'విజేత' అని రాసిన సైటు వీటిని చూసి కలిపేసి ఉంటుంది. మీవాడి పేరులో పట్టుకునేది రాజ్యాన్ని కాదు.

గుంటూరు_జిలానీ

పంతులుగారు మాట అర్థం చెప్పారు, నేను మనిషి సంగతి చెబుతా. ఇది మొదట ఎవరికీ పెట్టిన పేరు కాదు, ఒకరికి జనం ఇచ్చిన బిరుదు. ఆయన షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ. కాస్పియన్ సముద్రానికి దక్షిణాన, ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతంలో 1077-78 ప్రాంతంలో పుట్టారు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1095లో చదువు కోసం బాగ్దాద్ వెళ్లారు. గజాలీ అంతటి పండితుడు బాగ్దాద్‌లో ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయింది కూడా ఆ ఏడాదే. జీలానీ చదివింది హంబలీ న్యాయశాస్త్రం, సున్నీల నాలుగు న్యాయ సంప్రదాయాల్లో ఒకటి. తర్వాత ఏళ్ల తరబడి ఎడారుల్లో, పాడుబడిన చోట్ల ఒంటరిగా తిరిగారని చెబుతారు. 1127 నుంచి జనం ముందు ఉపన్యాసాలు మొదలుపెట్టారు. తన గురువు నడిపిన మదరసా ఆయన చేతికే వచ్చింది. 1166లో బాగ్దాద్‌లోనే చనిపోయారు, సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. ఖాదిరీ సూఫీ మార్గం ఆయన పేరు మీద నడుస్తున్నదే.

అమ్మీ మాకు చిన్నప్పుడు చెప్పిన కథ ఒకటుంది. బాగ్దాద్ బయల్దేరేటప్పుడు తల్లి నలభై బంగారు నాణేలు అంగరఖాలో చంక కింద పెట్టి కుట్టి, అబద్ధమాడనని మాట తీసుకుంది. దారిలో దొంగలు పడ్డారు. ఒకడు వచ్చి "నీ దగ్గరేముంది?" అంటే, నలభై దీనార్లున్నాయన్నాడు పిల్లవాడు. వాడు నవ్వి పోయాడు. ఇంకొకడు అడిగాడు, వాడికీ అదే జవాబు. చివరికి నాయకుడి ముందు కుట్టు విప్పితే సరిగ్గా నలభై. "దాచుకుని కూడా ఎందుకు చెప్పావురా?" అంటే "అమ్మకిచ్చిన మాట" అన్నాడు. దొంగల నాయకుడు అక్కడికక్కడే దొంగతనం మానేశాడంటారు. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో గానీ, మా అమ్మీ దీన్ని వాడుకున్నది మాత్రం పరీక్ష మార్కులు దాచినప్పుడల్లా.

నా హ్యాండిల్‌లో ఉన్న జిలానీ కూడా ఆయనే. గీలాన్ ప్రాంతంవాడు గీలానీ. అరబీ లిపిలో గ లేదు కాబట్టి జీలానీ. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మేం కొల్లలుగా ఉన్నాం.

కర్నూలు_ఆపా

తమ్ముడూ, నువ్వు ఒక పేరు దగ్గరే ఆగిపోయావు. మా ఇంటి రేషన్ కార్డు చూస్తే తల తిరుగుతుంది నీకు. మా అబ్బా ఖాదర్ బాషా. పెద్ద చాచా మొహిద్దీన్, రెండో చాచా మహబూబ్ సుభానీ, చిన్న చాచా గౌస్. మా అన్న పీరాన్. మా ఫుప్పీ మహబూబ్ బీ, ఆమె కూతురు గౌసియా. ఇంతమందికీ పేరు ఇచ్చింది ఒక్క మనిషే!

ఖాదర్ ఆయన సొంత పేరు అబ్దుల్ ఖాదిర్ లోంచి వచ్చింది. మొహిద్దీన్ అంటే ధర్మానికి మళ్లీ ప్రాణం పోసినవాడు, ఆయన బిరుదు. మహబూబె సుభానీ అంటే ఆ పరిశుద్ధుడికి ప్రియమైనవాడు. దాన్ని మనవాళ్లు రెండు ముక్కలు చేసి మహబూబ్ ఒకరికి, సుభానీ ఇంకొకరికి పెట్టుకున్నారు. గౌసె ఆజమ్ లోంచి గౌస్, మొర విని ఆదుకునేవాడు అని. పీరానె పీర్ అంటే గురువులకు గురువు, అందులోంచి పీరాన్. వీటి పక్కన మీ దస్తగిరి. ఆంధ్రాలో ఏ ఊరి మసీదు దగ్గరైనా నిలబడి "దస్తగిరీ, ఖాదరూ, గౌసూ, సుభానీ, జిలానీ" అని పిలిస్తే సగం లైను వెనక్కి తిరుగుతుంది.

మా నానీ నెలల లెక్కలో రబీఉస్సానీ (ఇస్లామీ నాలుగో నెల) అన్న మాటే వినలేదు నేను. ఆమెకు అది దస్తగీర్ నెల. ఆ నెల పదకొండో రోజు ఆయన పేర చేసే పండుగ గ్యార్వీ. పొద్దున్నే చపాతీలు కాల్చి, వేడి మీదే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి, యాలకుల పొడి కలిపి మలీద చేసేది. బెల్లం ఎక్కువైతే ముద్ద గట్టిపడుతుంది, తక్కువైతే పొడిపొడిగా రాలిపోతుంది. పిడికిట్లో నొక్కి వదిలితే ఆకారం నిలిచి, వేలితో తాకితే విరగాలి, అప్పుడు సరిగ్గా వచ్చినట్టు. ఫాతిహా అయ్యేదాకా పిల్లలెవరూ గిన్నె దరిదాపుల్లోకి పోకూడదు. పోయేవాళ్లం.

పాలమూరోడు

మహబూబ్ అంటే గుర్తొచ్చింది. మా జిల్లా పేరే మహబూబ్‌నగర్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేర పెట్టిన్రు. పాము కరిస్తే ఆయన పేరు చెబితే విషం దిగుతదని అప్పట్ల జనం నమ్మేటోళ్లట. టాపిక్ పక్కకు పోయిందనుకోకుండ్రి, పేరుకూ ఆదుకోవడానికీ ఉన్న లింకు చెప్తున్న.

సాదాసీదా

అస్సలాము అలైకుమ్. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పడం నా బాధ్యత. రోజూ ప్రతి నమాజులో "ఇయ్యాక నఅబుదు వ ఇయ్యాక నస్తయీన్" అంటాం. నిన్నే ఆరాధిస్తాం, నిన్నే సాయం అడుగుతాం అని. మరి చనిపోయిన ఒక పెద్దమనిషిని 'ఆదుకునేవాడా' అని పిలిచే పేరు పిల్లవాడికి ఎందుకు? జీలానీగారు గొప్ప పండితులు, అందులో అనుమానం లేదు. దేవుడొక్కడేనన్న తౌహీద్‌ను ఆయనే బోధించారు. కానీ గౌస్, దస్తగీర్ లాంటి బిరుదులు తర్వాతివాళ్లు తగిలించినవి.

ఇంకో విషయం. ఖాదిర్ అల్లాహ్ పేరు. అబ్దుల్ ఖాదిర్ అంటే ఆ సర్వశక్తుడి దాసుడు. ముందున్న అబ్దుల్ తీసేసి ఒట్టి ఖాదర్, రజాక్, గఫూర్ అని పిలవడం మన దగ్గర మామూలైపోయింది. ఆలిమ్‌లు, అంటే మత పండితులు, దీన్ని మొదటి నుంచీ వద్దంటున్నారు. అల్లాహ్‌కు అన్నిటికన్నా ఇష్టమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని హదీసులో ఉంది. అంత మంచివి ఉండగా ఈ పేరు ఎందుకు?

ఫార్సీ_పంతులు

సాదాసీదా భాయ్, అబ్దుల్ విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. పెట్టేటప్పుడు నిండుగా పెట్టాలి. పిలిచేటప్పుడు కత్తిరించేది మాత్రం వీధి. అబ్దుల్ రజాక్ కాస్తా రజాకయ్యేది టీ కొట్టు దగ్గరే.

దస్తగీర్ దగ్గర మాత్రం కొంచెం ఆగండి. ఆ మాటకు మనుషుల మధ్య వాడే మామూలు అర్థం కూడా ఉంది. పడ్డవాణ్ని లేపినవాడు, అప్పుల్లో ఉన్నవాణ్ని గట్టెక్కించినవాడు ఎవరైనా ఫార్సీలో దస్తగీరే. పిల్లవాడు పెద్దయ్యాక నలుగురికి సాయపడాలని కోరుకుని పెడితే తప్పేముంది? చాలా చోట్ల గులాం దస్తగీర్ అని పెడతారు. పంజాబులో, కశ్మీరులో, అఫ్గానిస్తాన్‌లో ఆ రూపమే ఎక్కువ. మీలాంటివాళ్లకు దానితో ఇంకా పెద్ద పేచీ ఉంటుంది, గులాం అంటే దాసుడు కాబట్టి. మన దగ్గర గులాం రాలిపోయి ఒట్టి దస్తగిరి మిగిలింది. మీ లెక్కలో చూసినా ఇదే కాస్త మేలు.

ఫార్సీ మాట కాబట్టి ఇస్లామీ కాదంటే మాత్రం నేనొప్పుకోను. అరబీలో ఉన్నది సలాత్, సౌమ్. మనం నమాజ్, రోజా అంటున్నాం. రెండూ ఫార్సీయే. పైగంబర్ కూడా ఫార్సీయే.

సాదాసీదా

ఫార్సీ అని నేనెక్కడా అభ్యంతరం చెప్పలేదు పంతులుగారూ. అర్థం దగ్గరే నా పట్టు. సాయం చేసే మనిషి అన్న అర్థంలో పెడితే నాకు పేచీ లేదు. కానీ మన జనం పెట్టేది ఆ అర్థంలోనేనా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి.

నల్లమల_నీలి

నేను ముస్లింని కాదు, మాట్లాడొచ్చో లేదో తెలీదు. మా పెద్దమ్మ పేరు దస్తగిరమ్మ. మా అవ్వకు పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే ఎవరో చెప్పారని దర్గాకు పోయి మొక్కుకుందంట. తర్వాత పుట్టింది పెద్దమ్మ. కాలికి వెండి కడియం దస్తగిరి స్వామి పేర వేశారు. ఆమె నుదుట బొట్టు ఎంత పెద్దదో, గ్యార్వీ నాడు దర్గాకు పంపే చక్కెర పొట్లం అంత పెద్దది. ఆమెను ఏ మతమని అడిగితే ఆమెకే ప్రశ్న అర్థం కాదు.

మా వైపు ఇట్లాంటి పేర్లు బోలెడు. హుసేనమ్మ, మస్తానమ్మ, నాగూరయ్య, మౌలాలి. సాదాసీదా అన్నగారు అడిగిందానికి మా ఇంటి జవాబు ఇది: మా అవ్వ పెట్టింది ఆదుకున్నాడనే. అది మీ లెక్కలో తప్పయితే కావచ్చు.

పాలమూరోడు

నీలక్క చెప్పినట్టే తెలంగాణల సైదులు, సైదమ్మ. సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దర్గా సైదుల పేరు మీద పెట్టుకునేటియి. సైదిరెడ్డి కూడా ఉంటడు. అనంతపురంల కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ విన్నరా? గూగూడు కుళ్లాయిస్వామి పేరు. పీర్ల పండుగకు అక్కడ జనం ఇసుక పోస్తే రాలనట్టు ఉంటరు.

గుంటూరు_జిలానీ

నాగూర్ అంటే తమిళనాడు నాగూరు దర్గా షాహుల్ హమీద్ వలీ పేర. ఆయన పదహారో శతాబ్దపు మనిషి, ఆయన వంశం కూడా జీలానీ దాకా పోతుందని దర్గా సంప్రదాయం. నాగూర్ మీరా, నాగూర్ బాబు, నాగూర్ బీ అన్నీ అక్కడివే. మస్తాన్ మళ్లీ ఫార్సీ మాట. దైవధ్యానంలో మత్తెక్కి ఒళ్లు తెలియనివాడు. నెల్లూరు దగ్గర కసుమూరు మస్తాన్ వలీ దర్గా, మా గుంటూరులో కాలే మస్తాన్ షా దర్గా చుట్టూ ఈ పేర్లు అల్లుకున్నాయి.

మన వైపు ఎందుకింత ఎక్కువ అని అడిగారు కదా. దక్కనులో ఖాదిరీ సూఫీలు బీదర్‌లో, బీజాపూర్‌లో గట్టిగా పాతుకున్నారు. వాళ్ల శిష్యులు, వాళ్ల వారసులు సైన్యాలతో, వ్యాపారాలతో కర్నూలు, కడప వైపు దిగారు. పెద్ద ఆలిమ్‌ల గ్రంథాలు పల్లెకు చేరలేదు. పల్లెకు చేరింది గ్యార్వీ, ఆకుపచ్చ జెండా, పీర్ చెప్పిన కథ. పేర్లూ వాటి వెంటే వచ్చాయి. శ్రీనగర్ ఖాన్యార్‌లో ఉన్న దస్తగీర్ సాహిబ్ దర్గా 2012లో కాలిపోతే కశ్మీరంతా కదిలిపోయింది. బాగ్దాద్ మనిషికి శ్రీనగర్‌లో సమాధి లేదు, అయినా ఆ దర్గాకు అంత మహిమ.

ఫార్సీ_పంతులు

దీనికి ఒక పాత సాక్ష్యం ఉంది. దక్కను ముస్లింల పుట్టుక నుంచి చావు దాకా ఆచారాలన్నీ రాసిన 'కానూనె ఇస్లాం' 1832లో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయింది. రాసింది ఏలూరువాడైన జాఫర్ షరీఫ్. రాయించి అనువదించింది మద్రాసు సర్వీసులో డాక్టరుగా ఉన్న హెర్క్‌లాట్స్. పిల్లలకు పేర్లు పెట్టే పద్ధతులు, దస్తగీర్ పండుగ, రెండూ అందులో ఉన్నాయి. అంటే ఆపాగారి నానీ మలీద వెనక దాదాపు రెండు వందల ఏళ్ల రికార్డు ఉందన్నమాట.

కువైట్_కబుర్లు

పేరు ఏదైనా పెట్టుకోండి అన్నా, స్పెల్లింగ్ మాత్రం ఒక్కటే పెట్టండి. మా రూమ్‌మేట్ దస్తగిరి బాధ చూసి చెబుతున్నా. పదో తరగతి సర్టిఫికెట్‌లో 'టి' పక్కన 'హెచ్' ఉంది, ఆధార్‌లో లేదు. పాస్‌పోర్టులో చివర 'గిరి' బదులు 'గీర్'. ఇక్కడికొచ్చాక అరబీలో రాసేటప్పుడు గ లేదు కాబట్టి ఒక ఆఫీసులో దస్తజీర్ అని, ఇంకో చోట దస్తకీర్ అని ఎక్కించారు. జీతం బ్యాంకులో పడే ముందు నువ్వూ నువ్వేనని నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌కి బక్కచిక్కిపోయాడు పాపం.

ఇక్కడి అరబ్బులకు ఈ పేరు అసలు తెలియదు. "హిందీ పేరా?" అని అడుగుతారు. అబ్దుల్ ఖాదిర్ అని చెబితే మాత్రం ఠక్కున పోల్చుకుంటారు. ఇద్దరూ ఒకటేనని చెబితే నమ్మరు!

ఇంకోటి, ఆదివారం ఆదివారం అని కంగారుపడకండి. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి, అంతే. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాతైతే పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో.

ఇంట్లో_మనిషి

నేను ఈ పోస్టు పెట్టినాయన భార్యని. నాకు చెప్పకుండా మా ఇంటి గొడవ ఇక్కడ పెట్టారని ఇప్పుడే చూశా. సరే, చదివా, అంతా చదివా.

నేను దస్తగిరి పాత పేరని వద్దనలేదు. ఆ మాటన్నది మా తమ్ముడు. నా పేచీ వేరు. మొదటి పాపకు వాళ్ల దాదీ పేరే పెట్టాం. రెండోవాడికి మళ్లీ వాళ్ల తాత పేరే. తొమ్మిది నెలలు మోసిన మనిషి వైపు నుంచి ఒక్క అక్షరం కూడా ఉండకూడదా? అది ఎవరూ అడగలేదు, ఈయనతో సహా.

రయ్యాన్ ఊరికే సౌండు బాగుందని అడగలేదు. స్వర్గానికి ఉపవాసాలున్నవాళ్లు మాత్రమే వెళ్లే ద్వారం ఒకటుంది, దాని పేరు రయ్యాన్. హదీసులో ఉంది. వాడు రంజాన్‌లో పుట్టాడు. ఆహిల్, జయాన్ మా చెల్లెలు పంపింది, వాటి మీద నాకేం పట్టు లేదు.

కర్నూలు_ఆపా

అమ్మా, నీ మాట న్యాయం. రంజాన్‌లో పుట్టినోడికి రయ్యాన్ కన్నా మంచి పేరేముంది. ఆహిల్ ఎలాగూ వద్దన్నావు కాబట్టి చెబుతున్నా, సైట్లలో 'మహారాజు' అని రాస్తారు, అరబీలో ఆ మాటకు జనం కాపురమున్న చోటు అని అర్థం. మా మేనల్లుడికి పెట్టేశారు. వాడికి ఇల్లు అని పేరు పెట్టినట్టయింది, ఎవరికీ చెప్పలేదు నేను.

మా ఇళ్లల్లో కోడళ్ల వైపు పేర్లు అసలు రావమ్మా. నా నలుగురు పిల్లల్లో ఒక్కరికీ మా అమ్మవైపు పేరు లేదు. ఇప్పుడు అనుకుంటే ఏం లాభం. నువ్వు వదలొద్దు.

సాదాసీదా

సోదరి చెప్పింది బాగుంది. అబ్దుల్ ఖాదిర్ రయ్యాన్ అని పెడితే మామగారికి వాళ్ల నాయన పేరు తాలూకు మనిషి ఉంటాడు, అల్లాహ్ పేరు నిండుగా ఉంటుంది, ఆమె కోరికా ఉంటుంది. ఎవరికీ అభ్యంతరం ఉండదు.

నల్లమల_నీలి

తాతయ్యగారు ఒప్పుకుంటారా అని నా డౌటు. ఆయనకు కావాల్సింది ఆ మనిషి పేరు కాదు, వాళ్ల నాయన్ని పిలిచిన పేరు. దస్తగిరీ అని కేకేస్తే ఇంట్లోంచి ఎవరో ఒకరు పలకాలి ఆయనకు.

ప్రొద్దుటూరు_అబ్బాయి

నీలక్కా, మీరు మా అబ్బాను చూసినట్టే చెప్పారు.

అందరికీ షుక్రియా. ఆదివారం అఖీఖా బాగా జరిగింది. మౌల్వీ సాబ్ అబ్దుల్ ఖాదిర్ అని చదివారు, అక్కడిదాకా రెండు పార్టీలూ సరేనన్నాయి. పంతులుగారు చెప్పిన అర్థం అబ్బాకు చెబితే "అది నాకు తెలీదా, మా నాయన అట్లాంటి మనిషే" అన్నారు. పక్కనే మా ఆవిడ ఉంది. "మరి రయ్యాన్ సంగతి?" అంది. దావత్‌కు వచ్చినవాళ్లందరూ బిర్యానీ ప్లేట్లలోకి తల దించేశారు.

అప్పుడే కువైట్ అన్న చెప్పిన ఏడాది గడువు మాట నేను నోరు జారా. ఇప్పుడు ఎవరికీ తొందర లేదు. సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగానే ఉంది. అబ్బా దస్తగిరీ అంటారు, ఆమె రయ్యాన్ అంటుంది. వాడు ఇద్దరికీ తల తిప్పుతున్నాడు.

కువైట్_కబుర్లు

గడువు చెప్పింది ఇందుకు కాదు అన్నా! రెండూ రాయాల్సి వస్తే ముందే కాగితం మీద రాసుకో, దస్తగిరి 'టి' పక్కన 'హెచ్' వద్దు.

ఇంట్లో_మనిషి

'హెచ్' ఉండదు అన్నయ్యా. రయ్యాన్‌లో రెండు 'వై'లు ఉంటాయి, అది కూడా ఆయనకు గుర్తు చేయండి.